ఆ టోపీ కుర్రాడు ఎవరు? డల్లాస్ కౌబాయ్స్ యజమానికి ఒక బహిరంగ లేఖ

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ యజమాని, అధ్యక్షులు, జనరల్ మేనేజర్ శ్రీ జెర్రీ జోన్స్ గారికి, వారి కుమారులు, జట్టు వ్యవహారాలు చూస్తున్న శ్రీ స్టీఫెన్ జోన్స్ గారికి,

నమస్కారములు.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మీ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలోనే నేనూ ఉంటాను. ఆదివారం ఉదయం ఇక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగులో నిలబడితే పట్టుపంచెల పక్కనే మీ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపించే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ నాలుగో నంబరు జెర్సీలు కనిపిస్తాయి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లల ద్వారా ఈ ఆట ఇంట్లోకి వచ్చింది, పెద్దవాళ్లు వాళ్ల వెనకాల నేర్చుకున్నారు. మేము మీ గురించి మాట్లాడుకునేది, మీ మీద విసుక్కునేది తెలుగులోనే కనుక ఫిర్యాదు కూడా అదే భాషలో ఉండటం న్యాయమనిపించింది. ఇది మీ చేతికి చేరకపోవచ్చు. చదివే తెలుగువారైనా తరువాతి క్వార్టర్‌బ్యాక్ గురించి నేను అడుగుతున్నది సబబో కాదో తేలుస్తారు.

2024 జనవరి 14న ఆర్లింగ్టన్‌లోని మీ స్టేడియంలో, పై అంతస్తులో, మా అబ్బాయితోను, తెనాలి నుంచి వచ్చిన మామయ్య గారితోను కూర్చున్నాను. బయట గడ్డకట్టే చలి. తెచ్చుకున్న పులిహోర డబ్బాను లోపలికి రానివ్వరని కారులోనే సగం తిని, సగం అక్కడే వదిలి వచ్చాము. ప్రత్యర్థి గ్రీన్ బే ప్యాకర్స్. రెండో క్వార్టర్ ముగియకముందే స్కోరు 27–0. చుట్టూ జనం చప్పుడు లేకుండా లేచి మెట్లు దిగుతున్నారు. మామయ్య గారికి నియమాలు అంతగా తెలియవు, అందుకని ఆట కంటే మనుషుల్నే ఎక్కువ చూస్తున్నారు. మైదానం అంచున, టోపీ పెట్టుకుని, చేతిలో పలకలాంటి టాబ్లెట్ పట్టుకుని, బంతి కదిలిన ప్రతిసారీ దాంట్లోకి తొంగి చూస్తున్న ఒక ఆటగాణ్ణి పెద్ద తెర మీద చూపించి, "ఆ టోపీ పెట్టుకున్న అబ్బాయి ఎవరండీ అల్లుడు గారూ?" అని అడిగారు. "అసలు క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బ తగిలితే ఆ అబ్బాయి ఆడతాడు మామయ్య గారూ" అన్నాను. "దెబ్బ తగలకపోతేనో? అప్పుడు ఎప్పుడు నేర్చుకుంటాడు?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ఎదురుగా మా జట్టు మీద స్కోరు తెచ్చే మూడు టచ్‌డౌన్ పాసులు వేసిన వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్, 2020లో డ్రాఫ్టయి (జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్టు), మూడు సీజన్ల పాటు ఆరన్ రోడ్జర్స్ వెనకాల సరిగ్గా అలాగే టోపీ పెట్టుకుని నిలబడినవాడే. ఆ రోజు 48–32తో ఓడిపోయాము. అప్పటి నుంచి మామయ్య గారి ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ లేఖ ఆ ప్రశ్నకు మీ నుంచి జవాబు కోరుతూ రాస్తున్నది.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. డాక్ ప్రెస్కాట్‌ను పంపించెయ్యమని నేను అడగడం లేదు. 2023లో టచ్‌డౌన్ పాసుల్లో లీగ్ మొత్తానికి మొదటివాడు, ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) ఓట్లలో రెండో స్థానం. 2025లో జట్టు 7–9–1తో (గెలుపు, ఓటమి, సమం) ప్లేఆఫ్స్ అనే నాకౌట్ దశకు దూరమైనా ఆ తప్పు అతనిది కాదు. తప్పెక్కడ ఉందో మీకూ తెలుసు కనుకనే 2026 జనవరిలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (రక్షణ విభాగం కోచ్) మాట్ ఎబర్‌ఫ్లూస్‌ను సాగనంపారు. డాక్ మంచి క్వార్టర్‌బ్యాక్, ఇంకొన్నేళ్లు మంచి క్వార్టర్‌బ్యాక్‌గానే ఉంటాడు. నా బాధంతా సరిగ్గా ఆ "ఇంకొన్నేళ్లు" దగ్గరే ఉంది.

2024 సెప్టెంబరు 8న, క్లీవ్‌లాండ్‌లో మొదటి మ్యాచ్ మొదలవడానికి కొద్ది గంటల ముందు, మీరు అతనితో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల పొడిగింపు మీద సంతకం చేయించారు. సగటున ఏడాదికి 6 కోట్లు, అంతకుముందు లీగ్‌లో ఎవరికీ అంత లేదు. ఆ ఒప్పందం 2028 సీజన్‌తో ముగుస్తుంది, అప్పటికి అతనికి 35 ఏళ్లు. 2025 జనవరి 24న మీరు హెడ్ కోచ్‌గా ప్రకటించిన బ్రయన్ షాటెన్‌హైమర్ గారిది, వార్తల్లో వచ్చినదాని ప్రకారం, నాలుగేళ్ల కాంట్రాక్టు, అంటే అదీ 2028తోనే పూర్తవుతుంది. ఇక డాక్ వెనకాల ఉన్న జో మిల్టన్ 2024 డ్రాఫ్టులో ఆరో రౌండులో న్యూ ఇంగ్లండ్ తీసుకున్న ఆటగాడు. అతని తొలి కాంట్రాక్టు నాలుగేళ్లది కనుక 2027తోనే అయిపోతుంది. ఒక్కసారి ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. వారసుడిగా నిలబెట్టినవాడు అసలువాడి కంటే ఏడాది ముందే స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు, కోచ్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరూ ఒకే రోజు ఖాళీ అవుతారు. 2029 సీజన్ బాగుండాలని పట్టుబట్టవలసిన అవసరం మీ భవనంలో, మీ కుటుంబానికి తప్ప, ఎవరికీ లేదు.

కోచ్‌ల విషయంలో మీ అలవాటు చూసినవారికి ఈ భయం ఉత్తదని అనిపించదు. 2019లో జేసన్ గారెట్‌ను కాంట్రాక్టు చివరి ఏడాదిలోకి అలాగే వదిలేశారు. సీజన్ అయిపోయాక ఉంటారా పోతారా అన్నది కొన్ని రోజుల పాటు ఎవరికీ తెలియలేదు. తరువాత వచ్చిన మైక్ మెకార్తీ 2021, 2022, 2023 మూడు సీజన్లలోనూ పన్నెండేసి విజయాలు తెచ్చినా, ప్యాకర్స్ చేతిలో ఆ ఓటమి తరువాత ఆయన్నూ పొడిగింపు లేకుండానే 2024లోకి పంపారు. ఆ సీజన్ 7–10తో ముగిసింది. చికాగో బేర్స్ ఆయనతో మాట్లాడతామంటే ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా 2025 జనవరి 13న మీరే విడిపోయామన్నారు. దానికి ముందు రోజే న్యూ ఇంగ్లండ్ మైక్ వ్రేబెల్‌ను తీసేసుకుంది. వెతుకులాటకు దొరికిన పదకొండు రోజుల్లో చివరికి ఇంట్లో ఉన్న దాడి విభాగం కోచ్‌నే (ఆఫెన్సివ్ కోఆర్డినేటర్) హెడ్ కోచ్‌ను చేశారు. షాటెన్‌హైమర్ గారు తగరని నేను అనడం లేదు. ఆయనలో మీకు ఇప్పుడు కావలసింది ఒకటి ఉంది, దాని గురించి కింద చెబుతాను. కానీ అది మీరు వెతికి పట్టుకున్నది కాదు, చేతికి తగిలింది.

క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ ఇదే తీరు. డాక్‌కు 2020లో పొడిగింపు ఇవ్వకుండా ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ణి ఒక్క ఏడాదికి కట్టిపడేసే పద్ధతి) వేశారు. ఆ అక్టోబరులో అతని చీలమండ విరిగింది. తరువాతి మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్లు ఇచ్చి సంతకం చేయించారు. ఆగిన ప్రతిసారీ ధర పెరిగింది. 2020, 2022, 2024 — సరిసంఖ్య సంవత్సరాలు అతనికి కలిసి రావడం లేదని మా మిత్రుల్లో జాతకాలు తెలిసిన ఒకరు అంటుంటారు. జాతకాల సంగతి నాకు తెలియదు కానీ ఆ మూడు సీజన్లలో గాయాల వల్ల అతను పోగొట్టుకున్న మ్యాచ్‌లు 11, 5, 9. మొత్తం 25. ఎదుటి సీజన్ 2026.

మీరు కొనకముందు ఈ జట్టులో వారసత్వం ఎలా జరిగేదో ఒకసారి తలచుకోవాలి. టామ్ లాండ్రీ 1960 నుంచి 1988 వరకు 29 సీజన్లు ఒకే కుర్చీలో కూర్చున్నారు. రోజర్ స్టాబాక్‌ను 1964 డ్రాఫ్టులో పదో రౌండులో తీసుకున్నప్పుడు, అతను నౌకాదళ సేవ పూర్తి చేసి వచ్చేసరికి ఐదేళ్లు పడుతుందని జట్టుకు తెలుసు. అయినా తీసుకున్నారు, ఎదురుచూశారు. 1969లో 27 ఏళ్ల వయసులో వచ్చినవాణ్ణి వెంటనే ఆడించలేదు. అంతటి లాండ్రీ కూడా 1971లో తడబడ్డారు. క్రెయిగ్ మోర్టన్, స్టాబాక్‌లలో ఎవరో ఒకరిని ఎంచుకోలేక, చికాగోలో జరిగిన మ్యాచ్‌లో ఒకసారి బంతి ఆడించడానికి ఒకరిని, మరోసారికి ఇంకొకరిని మార్చిమార్చి పంపారు. 23–19తో ఓడిపోయారు. అప్పటికి జట్టు 4–3. ఆ తరువాత స్టాబాక్ ఒక్కడే అని తేల్చి చెప్పారు. వరసగా పది మ్యాచ్‌లు గెలిచారు, అందులో పదోది మియామీ మీద 24–3తో గెలిచిన సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. నిర్ణయం తీసుకోవడమే అక్కడ సగం వైద్యం అయింది.

నాకు అంతకంటే ముచ్చటగా తోచేది ఆ తరువాతి కథ, ఎందుకంటే దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. 1976లో జట్టులో చేరిన డానీ వైట్, స్టాబాక్ ఆడుతున్న నాలుగేళ్లూ ఊరికే కూర్చోలేదు. పంటర్‌గా బంతిని తన్నుతూ ప్రతి వారం మైదానంలోకి దిగేవాడు, మిగతా సమయమంతా అదే కోచ్ దగ్గర అదే పాఠం వినేవాడు. 1980 మార్చిలో, తలకు తగిలిన దెబ్బల కారణంగా స్టాబాక్ ఆట వదిలేసినప్పుడు డల్లాస్‌లో ఎవరూ గాభరా పడలేదు. ఆ ఏడాదే 12–4, ఆ ఏడాదితో మొదలుపెట్టి వరసగా మూడు సార్లు ఎన్ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ (సూపర్ బౌల్‌కు ముందు మెట్టు) మ్యాచ్. మూడూ ఓడిపోయారన్నది నిజమే, వైట్‌ను ఆ లెక్కతోనే కొలిచారు. కానీ 1996 జనవరిలో గెలిచిన సూపర్ బౌల్ తరువాత ముప్ఫై ఏళ్లుగా ఆ మ్యాచ్ గడప తొక్కని జట్టుకు అభిమానిని నేను. మూడు సార్లు ఓడటం కూడా నాకు భోగంగానే కనిపిస్తుంది.

1989లో మీరు వచ్చారు. లాండ్రీని తీసేసి జిమ్మీ జాన్సన్‌ను తెచ్చిన తీరు మీద ఇప్పటికీ ఈ రాష్ట్రంలో పెద్దవాళ్లకు కోపం ఉంది. అయితే ఆ ఏడాది మీరు చేసిన ఒక పనిని ఆ కోపంలో మర్చిపోకూడదు. కోచ్‌ను, క్వార్టర్‌బ్యాక్‌ను ఒకే ఏడాది, ఒకరి కోసం ఒకరిని చూసి తెచ్చుకున్నారు. డ్రాఫ్టులో మొదటి ఎంపికగా ట్రాయ్ ఐక్‌మన్, అది చాలదన్నట్టు జులైలో సప్లిమెంటల్ (అదనపు) డ్రాఫ్టులో జాన్సన్ పాత శిష్యుడు, మరో క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ వాల్ష్. ఆ రెండోది ఖరీదైన పనే, ఆ ఎంపిక కోసం వదులుకున్న 1990 మొదటి రౌండ్ ఎంపిక లీగ్‌లోకెల్లా మొదటిది అయి కూర్చుంది. ఐక్‌మన్ మొదటి నుంచి ఆడిన 11 మ్యాచ్‌లూ ఓడిపోయాడు, జట్టు 1–15. అయినా కోచ్ మారలేదు, క్వార్టర్‌బ్యాక్ మారలేదు. నాలుగో సీజన్ చివర ఇద్దరూ కలిసి కప్పు ఎత్తారు. ఓపిక పట్టడం మీకు చేతకాని విద్య కాదని చెప్పడానికే ఇదంతా గుర్తు చేస్తున్నాను.

ఆ ఐక్‌మనే వెళ్లిపోయే రోజుకు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. 2000 డిసెంబరులో తల మీద ఇంకో దెబ్బ, తరువాతి వసంతంలో వీడ్కోలు. 2001 డ్రాఫ్టులో రెండో రౌండులో, 53వ స్థానంలో క్విన్సీ కార్టర్‌ను తీసుకుని, ఏమీ నేర్పకుండా, మొదటి మ్యాచ్ నుంచే ఆడించారు. ఆ ఒక్క సీజన్‌లోనే నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు మ్యాచ్‌లు మొదలుపెట్టారు. హెడ్ కోచ్ డేవ్ కాంపో మూడు సీజన్లూ 5–11తోనే ముగించి ఇంటికి వెళ్లారు. తరువాతి కోచ్ బిల్ పార్సెల్స్ వచ్చి పరువు నిలబెట్టారు. 2004లో నలభై దాటిన విన్నీ టెస్టవర్డీ కూడా ఆడవలసి వచ్చింది. 2001 నుంచి 2006 అక్టోబరు దాకా లెక్కపెడితే ఎనిమిది పేర్లు వస్తాయి. అందులో పెద్ద పేరుతో లీగ్‌లోకి వచ్చి విఫలమైన రయన్ లీఫ్ కూడా ఉన్నాడని చెబితే మా అబ్బాయి నమ్మలేదు.

ఆ గందరగోళం మధ్యలోనే, ఎవరూ పట్టించుకోని మూలలో, సరైన పని జరుగుతూ ఉంది. 2003లో ఏ జట్టూ డ్రాఫ్టులో తీసుకోని టోనీ రోమోను, అతను చదివిన ఈస్టర్న్ ఇల్లినాయ్‌లోనే ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన సహాయ కోచ్ షాన్ పేటన్ చేరదీశారు. 2006 మొదట్లో పేటన్ వెళ్లిపోయేదాకా ఇద్దరూ కలిసి, ఆ తరువాత పార్సెల్స్, మొత్తం మూడున్నరేళ్లు అతణ్ణి కూర్చోబెట్టి నేర్పారు. 2006 అక్టోబరు 23న, సోమవారం రాత్రి జయంట్స్‌తో మ్యాచ్ సగంలో డ్రూ బ్లెడ్సోను ఆపి రోమోను దింపారు. విసిరిన మొదటి బంతే ప్రత్యర్థి చేతిలో పడింది. ఆ మ్యాచ్ పోయింది. పార్సెల్స్ మాత్రం వెనక్కి తగ్గలేదు. మరుసటి వారం కరోలైనాలో అతణ్ణే మొదటి నుంచి ఆడించి గెలిచారు. ఒక కోచ్ తన చేతులతో తయారు చేసుకున్నవాణ్ణి మొదటి తప్పుకే వదిలెయ్యడు. ఇంకొకరు తెచ్చి ఒళ్లో పెట్టినవాడి మీద ఆ మమకారం అంత తేలికగా కుదరదు.

2016 సంగతికి వస్తే, దాన్ని మీ దూరదృష్టికి ఉదాహరణగా చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ డ్రాఫ్టులో మీరు పాక్స్టన్ లించ్ కోసం ప్రయత్నించారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. కానర్ కుక్ కోసం ప్రయత్నించారు, రెయిడర్స్ ముందుకు దూకి తీసుకున్నారు. అప్పుడు 135వ స్థానంలో డాక్ మిగిలాడు. ఆగస్టు మొదట్లో రెండో క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మూర్ కాలు విరిగింది, నెలాఖరులో సియాటిల్‌లో రోమో వెన్ను దెబ్బ తిన్నది. రెండు ఎముకలు విరిగితే గానీ డాక్‌కు దారి దొరకలేదు. అతను 13–3 సీజన్ ఇచ్చాడు. నవంబరులో రోమో మైకు ముందు నిలబడి, ఆ స్థానం ఇక ఈ కుర్రాడిదేనని గౌరవంగా ఒప్పుకున్నాడు. దేవుడు ఇచ్చాడు, సంతోషం. దేవుడు మళ్లీ 135వ స్థానంలో ఇంకొకణ్ణి దాచి ఉంచుతాడన్న నమ్మకంతో ఎనభై వేల సీట్ల స్టేడియం నడపకూడదని మాత్రం మనవి చేస్తున్నాను.

ఆ తరువాత వారసుడి కోసం మీరు చేసిన గట్టి ప్రయత్నం ఒకటే కనిపిస్తుంది. 2023 ఆగస్టులో నాలుగో రౌండ్ ఎంపిక ఇచ్చి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ట్రే లాన్స్‌ను తెచ్చారు. మొత్తం మీద మూడో స్థానంలో డ్రాఫ్టయిన కుర్రాడు, ఇంకా చిన్న వయసు, ఆలోచన మంచిదే. కానీ ఆ బేరం కుదిరే ముందు మెకార్తీతో గాని, డాక్‌తో గాని మాట్లాడలేదని అప్పట్లో బయటికొచ్చింది. నేర్పవలసిన గురువుకు శిష్యుడు వస్తున్నాడని బేరం ముగిశాక తెలిసిందన్నమాట. రెండు సీజన్లలో లాన్స్ మొదలుపెట్టిన మ్యాచ్ ఒక్కటే, అదీ 2024 చివర్లో అన్నీ అయిపోయాక. తరువాత ఛార్జర్స్‌కు వెళ్లిపోయాడు. లాన్స్‌కు ప్రతిభ లేకపోయి ఉండవచ్చు, ఆ సంగతి మాట్లాడే అర్హత నాకు లేదు. ఉందో లేదో తేల్చే తీరిక కూడా ఇక్కడ ఎవరూ తీసుకోలేదన్నదే నా ఆరోపణ.

ఇక పైన చెబుతానన్న మాట. షాటెన్‌హైమర్ గారు 2002 నుంచి 2005 వరకు శాన్ డియేగోలో క్వార్టర్‌బ్యాక్ కోచ్. హెడ్ కోచ్ ఆయన తండ్రి మార్టీ. మొదట ఆయన చేతిలో ఉన్నది డ్రూ బ్రీస్. 2004లో జట్టు ఫిలిప్ రివర్స్‌ను తెచ్చింది. బ్రీస్ ఆడుతున్నాడు, బాగా ఆడుతున్నాడు, ఆ పక్కనే రివర్స్ రెండు సీజన్లు నేర్చుకుంటున్నాడు. ఆడుతున్నవాడి మనసు కష్టపెట్టకుండా, ఎదురుచూసేవాడి పదును పోకుండా, ఒకే గదిలో ఇద్దరికీ పాఠం చెప్పిన మనిషి ఇవాళ మీ హెడ్ కోచ్. 2005 చివరి మ్యాచ్‌లో బ్రీస్ భుజం దెబ్బ తిని, తరువాత న్యూ ఆర్లీన్స్‌కు వెళ్లిపోయాడు. 2006లో రివర్స్ మొదటిసారి పగ్గాలు పట్టుకుని 14–2 తెచ్చాడు. ఆ కథకు చేదు ముగింపు కూడా ఉంది. 14 విజయాల తరువాత ప్లేఆఫ్స్‌లో ఓడిన మార్టీని, జనరల్ మేనేజర్‌తో పొసగక, 2007 ఫిబ్రవరిలో తీసేశారు. కోచ్‌కు, ఆటగాళ్లను ఎంచేవారికి మధ్య మాట లేకపోతే ఏమవుతుందో ఆ కుటుంబానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. మీ దగ్గర ఆటగాళ్లను ఎంచేదీ మీరే, యజమానీ మీరే కనుక ఆయన వెళ్లి మొరపెట్టుకునే మూడో తలుపు కూడా లేదు.

అందుకని నా మొదటి విన్నపం, తరువాతి క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న నిర్ణయంలో షాటెన్‌హైమర్ గారి మాట చివరిది కాకపోయినా మొదటిదై ఉండాలి. ఆ మాటకు విలువ ఉండాలంటే, ఆ కుర్రాడు ఆడే రోజు దాకా ఆయన ఉంటారన్న నమ్మకం ఉండాలి. గారెట్‌ను, మెకార్తీని పంపినట్టు ఆయన్ను 2028లోకి పొడిగింపు లేకుండా పంపకండి. 2027 సీజన్ ముగియగానే ఉంచుతారో పంపుతారో తేల్చండి. పంపదలిస్తే అప్పుడే పంపండి, కొత్త కోచ్‌కు డాక్ చివరి ఏడాది చేతిలో ఉంటుంది, నేర్చుకుంటున్నవాణ్ణి కళ్లారా చూసుకునే వ్యవధి ఉంటుంది.

రెండో విన్నపం 2027 డ్రాఫ్టు గురించి. డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ను ప్యాకర్స్‌కు పంపినందుకు వచ్చినవాటిలో 2027 మొదటి రౌండ్ ఎంపిక ఒకటి. మరో డిఫెన్స్ ఆటగాడు క్విన్నెన్ విలియమ్స్ కోసం ఆ ఏటి మొదటి రౌండ్ ఎంపికల్లో ఒకటి జెట్స్‌కు ఇచ్చేసినా, ఇంకొకటి మిగిలే ఉంది. మొదటి రౌండ్ ఆటగాడి కాంట్రాక్టు నాలుగేళ్లు, ఐదో ఏడాది జట్టు ఇష్టం. 2027లో తీసుకున్నవాడు డాక్ వెనకాల రెండు సీజన్లు కూర్చుంటే, 2029, 2030 సీజన్లు తక్కువ జీతానికి, 2031 జట్టు ఎంపిక మీద, మొత్తం మూడేళ్లు దొరుకుతాయి. 2026 ఏప్రిల్‌లోనే తీసుకుంటే ఎదురుచూపు మూడేళ్లు, ఆట రెండేళ్లు. 2029 దాకా ఆగితే ఎదురుచూపే లేదు, మళ్లీ క్విన్సీ కార్టర్ కథే. పాట్రిక్ మహోమ్స్‌కు కాన్సస్ సిటీలో ఒక్క ఏడాది చాలిందని ఎవరైనా అంటే, అక్కడ నేర్పింది ఆండీ రీడ్ అని, ఆ కుర్రాడి కోసం డ్రాఫ్టులో 27 నుంచి పదో స్థానానికి ఎగబాకిన జట్టు అదని గుర్తు చెయ్యండి.

ఈ కాలంలో కూర్చున్నవాడు నేర్చుకోవడం రోమో రోజుల కంటే కష్టమైంది, ఈ సంగతి బయట చాలామంది గమనించరు. లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తరువాత సీజన్ మొత్తంలో ప్యాడ్లు కట్టుకుని చేసే సాధనలు 14కు కుదించారు. 2021 నుంచి ప్రీసీజన్ మ్యాచ్‌లు నాలుగు కాదు, మూడే. వారంలో బుధ, గురు, శుక్ర వారాల్లో దొరికే కొద్దిపాటి సాధన దాదాపు అంతా మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే పోతుంది. రెండోవాడు స్కౌట్ జట్టులో నిలబడి, వచ్చే ఆదివారం ప్రత్యర్థి ఏం ఆడుతుందో ఆ ఆట ఆడి చూపిస్తాడు. అంటే తన పాఠం కాదు, పక్క బడి పాఠం వల్లిస్తాడు. అందుచేత వారసుడికి వారానికి ఇన్ని స్నాప్‌లు (బంతి అందుకుని ఆడే అవకాశాలు) మొదటి వరుసతో అని ముందే కేటాయించి, డాక్‌తో కూర్చుని ఒప్పించడం కోచ్ చెయ్యవలసిన పని. ఆ కేటాయింపును కాపాడటం మీ పని.

డాక్ నొచ్చుకోడా అంటారు. అతని ఒప్పందంలో తన అనుమతి లేకుండా వేరే జట్టుకు మార్చకూడదన్న షరతు ఉంది, అతని స్థానానికి ఇప్పట్లో ఢోకా లేదు. నొచ్చుకునేది వారసుడు వచ్చినందుకు కాదు, పత్రికల్లో చదివి తెలుసుకోవలసి వచ్చినందుకు. 2016లో రోమో వెనకాల నిలబడి పైకి వచ్చినవాడికి, ముందుగా పిలిచి చెబితే అర్థం కాదని నేను అనుకోను. డిఫెన్స్ కాలిపోతుంటే క్వార్టర్‌బ్యాక్ ఏమిటి అనే వాదన కూడా ఉంది. దానికి 2026 ఏప్రిల్ డ్రాఫ్టు ఉంది, మిగతా రౌండ్లన్నీ ఉన్నాయి, కాంట్రాక్టు ముగిసి ఏ జట్టులోనైనా చేరగల ఆటగాళ్లూ ఉన్నారు.

జోన్స్ గారూ, మీకు 83 ఏళ్లు. మీ తరువాత ఈ జట్టును ఎవరు నడుపుతారన్న ప్రశ్న డల్లాస్‌లో ఎవరూ అడగరు. స్టీఫెన్ గారు 1989 నుంచి మీ పక్కనే కూర్చుని కాంట్రాక్టులు, శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తం మీద పరిమితి) నేర్చుకున్నారు, మీ అమ్మాయి షార్లట్ గారు, చిన్నబ్బాయి జెర్రీ జూనియర్ గారు తలా ఒక విభాగం చూసుకుంటున్నారు. మీరు ఆరోగ్యంగా, అధికారంలో, ప్రతి మ్యాచ్ తరువాత మైకుల ముందు ఉండగానే ఇదంతా జరిగింది. ఏ ఎముకా విరగనవసరం లేకపోయింది. ముప్ఫై ఏడేళ్లు మీ గదిలో చేసిన ఆ పనిని, దానికి నాలుగడుగుల దూరంలో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ల గదిలో రెండేళ్లు చెయ్యమని అడుగుతున్నాను.

జులైలో ఆక్స్‌నార్డ్‌లో శిక్షణ శిబిరం మొదలయ్యేటప్పటికి మామయ్య గారు మళ్లీ ఇక్కడికి వస్తున్నారు. ఈసారి టికెట్లు కింది వరుసల్లో తీసుకోమన్నారు, ఆ టోపీ అబ్బాయిని దగ్గర నుంచి చూడాలట. 2024లో ఆ టాబ్లెట్ పట్టుకున్నవారు ఇప్పుడు జట్టులో లేరని ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఫ్రిస్కో నివాసి, కౌబాయ్స్ అభిమాని